గడ్డం కింద చెయ్యి

పెనుకొండలో స్పానిష్ నేర్పే హేమలతకు పాము చెవులని పేరు. ఆ పేరు పెట్టింది ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలే. పన్నెండు మంది ఒక్కసారిగా ఒక మాట పలికితే, అందులో ఎవరు తోక తగిలించారో, ఎవరు నడుమ ముక్క మింగేశారో వేలు పెట్టి చూపించేది. "మేడం చెవిన పడకుండా తప్పు చేసే మొనగత్తె ఇంకా పుట్టలేదు" అని పిల్లలు చెప్పుకునేవాళ్లు. పాపం, వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అప్పటికి ఆరేళ్ల నుంచి హేమలతకు ఎడమ చెవి పూర్తిగా వినపడదు. కుడి చెవి ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన పాతికలో లారీ హారను, ఉరుము, పెళ్లి ఊరేగింపు బ్యాండు తప్ప ఏమీ దూరేది కాదు.

వినపడని మనిషి భాష ఎట్లా నేర్పుతుందని ఎవరికైనా అనుమానం వస్తుంది. నేర్పింది. తొమ్మిదేళ్లు నేర్పింది. ఆమె దగ్గర నేర్చుకుని బెంగుళూరు కంపెనీల్లో చెవులకు ఫోన్లు తగిలించుకుని స్పెయిన్ వాళ్లతో, మెక్సికో వాళ్లతో మాట్లాడుతున్న పిల్లలు ఇప్పటికీ వంద మందికి తక్కువ ఉండరు.

హేమలత పుట్టింది ధర్మవరంలో. నాయన ఓబుళప్ప ఒక షావుకారు షెడ్డులో పవర్‌లూం మగ్గాల మీద పనిచేసేవాడు. ఆ షెడ్డు వెనక గదిలోనే కాపురం. ఆరు మగ్గాలు తెల్లవారినప్పటి నుంచి దబదబా కొట్టుకుంటూనే ఉండేవి. కరెంటు పోయి మగ్గాలు ఆగితే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చే ఇల్లది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గోడకు తగిలించి, తెగిన పోగులు అతకడానికి మగ్గాల నడుమకు పోయేది హేమలత. పన్నెండో ఏట మొదలుపెట్టి పెళ్లయ్యేదాకా అదే పని. పొట్ట నిండింది, దానికి బదులు మగ్గం చెవులు తీసుకుంది. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

తెలియాల్సిందే, ఎందుకంటే కళ్లెదుట నాయన ఉన్నాడు. ఓబుళప్పకు నలభై దాటేసరికి బ్రహ్మచెవుడు. వీధిలో పిల్లలు ఆయన వెనక చేరి రాయకూడని తిట్లన్నీ తిట్టి, ఆయన తిరిగి చూడకపోతే పడీపడీ నవ్వేవాళ్లు. పదేళ్లప్పుడు ఒకసారి హేమలత కూడా ఆ గుంపులో నిలబడి నవ్వింది. నవ్వుతుండగా ఓబుళప్ప తిరిగాడు. కూతుర్ని చూసి, ఏమనుకున్నాడో, తనూ కొంచెం నవ్వి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా, ఏ పంచాయితీకి పోయినా గోడకు వీపు ఆనించి కూచునేవాడు. వెనక ఎవరూ నిలబడకుండా.

"చెవిటోడని చెప్పుకుంటే మగ్గమైతే ఇస్తారు పాపా, మర్యాద ఇయ్యరు" అన్నాడు ఒకరోజు, ఎవరూ అడక్కుండానే. ఆ మాట హేమలత మనసులో నాటుకుపోయింది. ముప్పై ఏళ్లు నిండాయో లేదో, పక్కమీద కుడి వైపు తిరిగి పడుకుంటే మొగుడి మాట వినపడడం లేదని తెలిసిన రోజున, ముందు ఆమెకు గుర్తొచ్చింది డాక్టరు కాదు, వీధిలో నవ్వు. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెప్పేస్తే పోయేది కదా అని మనకు అనిపిస్తుంది. గట్టు మీద నిలబడి ఈత నేర్పడం తేలికే.

స్పానిష్ ఎట్లా వచ్చిందంటే, అది వేరే కథ. ధర్మవరం పొలిమేరలో స్పెయిన్ దేశపు ముసలి నర్సు ఒకామె చిన్న ఆస్పత్రి నడిపేది. పేరు పిలార్. పదో తరగతి అయ్యాక హేమలత ఆ ఆస్పత్రిలో పొద్దున పూట చీటీలు రాసే పనికి కుదిరింది. పిలార్‌కు తెలుగు రాదు, వచ్చే జనానికి తెలుగు తప్ప ఏదీ రాదు. నడుమ నిలబడి నిలబడి, ఎనిమిదేళ్లలో ఈ పిల్లకు ఆ భాష నాలుక మీదికి ఎక్కింది. మాటను ముక్కలు చేసి పలకడం నేర్పింది కూడా పిలారే. "చెయ్యి గడ్డం కింద పెట్టుకో. మాట పలుకు. గడ్డం ఎన్నిసార్లు చేతికి తగిలితే అన్ని ముక్కలు." అంతే పాఠం. పిలార్ ముసలితనంలో తన దేశం వెళ్లిపోయింది, ఆస్పత్రి మూతపడింది, పాఠం మాత్రం హేమలత దగ్గర మిగిలింది.

పెనుకొండలో బస్టాండుకు దగ్గరగా, ఎరువుల అంగడి మీద మేడలో ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. పల్లెల ఆడపిల్లలకు పరాయి భాషలు నేర్పి ఉద్యోగాలకు పంపడం వాళ్ల పని. మేనేజరు హరిప్రసాద్ స్పానిష్‌కు మనిషి కావాలని వెతుకుతుంటే హేమలత దొరికింది. రోజూ ధర్మవరం నుంచి పొద్దున ప్యాసింజరు ఎక్కి వచ్చేది, సాయంత్రం తిరిగి పోయేది.

మొదటి వారమంతా గడ్డం కింద చెయ్యి పాఠమే. మన పిల్లలకు ఒక జబ్బుంది, అది జబ్బు కూడా కాదు, మన భాష అలవాటు. ఏ మాటకైనా చివర ఒక అచ్చు ఉంటే తప్ప తోచదు. బస్ అంటే బస్సు, కార్ అంటే కారు. అందుకని రొట్టెను "పాన్" అనమంటే "పాను" అంటారు, సూర్యుణ్ణి "సోల్" అనమంటే "సోలు" అంటారు. ఒక్క ముక్క మాట రెండు ముక్కలైపోతుంది. ఫోన్లో అవతల ఉన్న స్పెయిన్ మనిషికి ఏమీ అర్థం కాదు. "గడ్డం రెండోసారి దిగింది. తోక కోసెయ్యి" అనేది హేమలత.

మాటల్ని జాతులుగా విడగొట్టడానికి ఆమె ఇంకో ఉపాయం పట్టింది. శనక్కాయలు తెచ్చి బల్ల మీద పోసేది. ఒక గింజ కాయ, రెండు గింజల కాయ, మూడు గింజల కాయ. పాన్ ఒంటి గింజ. ఇల్లు, కా-సా, రెండు గింజలు. కిటికీ, వెన్-తా-నా, మూడు. సీతాకోకచిలుక, మ-రి-పో-సా, నాలుగు. నాలుగూ ఆపైనా ఉన్నవన్నీ ఒకే గంపలోకి. శనక్కాయ ఒలిచి పెరిగిన పిల్లలకు ఇంక వేరే చెప్పాల్సిన పనేముంది. నీళ్లను "అ-గు-వా" అని మూడు గింజలు చేసిన పిల్లను పక్క పిల్లే కసిరేది: "రెండేనే, అ-గ్వా. గడ్డం పట్టుకోని చూడు."

ఇదంతా జరుగుతున్నంతసేపూ హేమలత వింటున్నదని వాళ్ల నమ్మకం. ఆమె చూస్తున్నది. కిటికీకి వీపు పెట్టి నిలబడేది, వెలుతురు పిల్లల మొహాల మీద పడేటట్టు. పన్నెండు గడ్డాలు, పన్నెండు జతల పెదాలు. సోలు అనే పిల్ల పెదాలు చివర్లో గుండ్రమవుతాయి, ఆ గుండ్రం ఆమె కంటికి దొరక్కుండా పోదు. తెలుగు మాటలు కూడా పెదాల మీదే చదివేది. దొరకని మాట వస్తే "సరే సరే" అని తలూపేది. లోకంలో సగం ప్రశ్నలకు సరే అన్న జవాబు సరిపోతుందని ఆమె కనిపెట్టింది. మిగతా సగానికి "మళ్లీ చెప్పు" ఉండనే ఉంది. పంతులమ్మ మళ్లీ చెప్పమంటే ఎవరు అనుమానిస్తారు?

ఇంట్లో మొగుడు కుమారస్వామి ఒక్కడికి తెలుసు. తెలుసునని అతనూ అనలేదు, ఆమె కూడా అనలేదు. ఒకనాటి నుంచి అతను అన్నం తినేటప్పుడు ఎదురుగా కూచోవడం మొదలుపెట్టాడు, మాట్లాడే ముందు ఆమె తలెత్తేదాకా ఆగడం మొదలుపెట్టాడు. అంతే. అంతకంటే మంచి మొగుణ్ణి నేను చూడలేదు. కానీ అతను కూడా ఏదో ఒక రోజు గట్టిగా "చెప్పెయ్" అని ఉంటే బాగుండేది.

కరోనా వచ్చింది. కేంద్రం మూసేశారు. నెలల తరబడి ఫోన్ వీడియోలో పాఠాలు. విచిత్రమేమిటంటే ఆ రోజుల్లో హేమలతకు సుఖంగానే గడిచింది. ఒక్కో పిల్ల మొహం తెర నిండా కనపడేది, గడ్డం ఎంత కదిలినా లెక్క తప్పేది కాదు. ఆ తర్వాత సంవత్సరం ఫిబ్రవరిలో కేంద్రం తలుపులు మళ్లీ తెరిచారు. హేమలత మేడమెట్లు ఎక్కి గదిలోకి అడుగుపెట్టింది. పన్నెండు మంది లేచి నిలబడ్డారు. పన్నెండు మొహాలకూ మాస్కులు.

పిల్లలు ఏదో అంటున్నారు, గుడ్డలు ఉబ్బుతున్నాయి, అణుగుతున్నాయి. ఎవరు అంటున్నారో కూడా తెలియడం లేదు. గొంతు బాగాలేదని చెప్పి బోర్డు మీద మాటలు రాసి, ముక్కలు చేసి నోట్సులో రాయమంది. రెండో రోజు అదే, మూడో రోజు అదే. రాతలో ఎవరూ తప్పు చేయడం లేదు. నోట్లో ఏం జరుగుతున్నదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ బ్యాచ్‌లో ఐశ్వర్య అనే పిల్ల ఉండేది. చిలమత్తూరు పక్క ఒక మెట్ట పల్లె. గొర్రెలు కాసుకునే ఇల్లు. నాయన లేడు, తల్లి చౌడక్క ఒక్కతే. పొద్దున హిందూపురం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి పెనుకొండకు ఇంకో బస్సు పట్టుకుని అందరికంటే ముందొచ్చి కూచునేది. మాస్కు కూడా అందరిలా అంగట్లో కొన్నది కాదు. తల్లి పాత నేతచీర చించి మూడు మడతలు పెట్టి కుట్టింది. పసుపు రంగు మీద ఎర్ర గళ్లు. నవ్వితే ఆ గళ్లు పైకి లేచేవి, దాన్నిబట్టే నవ్విందని తెలిసేది.

మార్చి మొదట్లో హరిప్రసాద్ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బెంగుళూరు కంపెనీవాళ్లు మార్చి ఆఖరున స్వయంగా వచ్చి పిల్లలతో మాట్లాడించి చూస్తారు. లాక్‌డౌన్ తర్వాత మొదటి బ్యాచ్ ఇదే. "మేడం, ఇది దెబ్బతింటే స్పానిష్ సెక్షన్ ఎత్తేస్తామని పైవాళ్లు అంటాండారు" అని అతను చెప్పింది ఆమెకు అందలేదు, ఎందుకంటే అతనికీ మాస్కే. ఆ సంగతే కాగితం అడుగున రాసి ఉంటే చదువుకుంది.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. ప్యాసింజరు రైళ్లు ఇంకా తిరగడం లేదు. పొద్దున ధర్మవరంలో బస్సు ఎక్కేటప్పటికి నిర్ణయం జరిగిపోయింది.

క్లాసులో నిలబడి చెప్పింది: "మాస్కు ఉంటే గడ్డం కింద చెయ్యి ఎట్లా ఆనుతుంది? ఈ గంటన్నర మాస్కులు తీసేయండి. దూరదూరంగా కూచోండి." గది ఎంత? నాలుగు బల్లలు. దూరంగా ఎక్కడ కూచుంటారు?

అందరూ తీశారు. ఎండలు ముదిరాయి, మాస్కుల్లో ఉడికిపోతున్న పిల్లలు తీయమన్నదే చాలు అన్నట్టు తీశారు. ఐశ్వర్య తీయలేదు. లేచి నిలబడి ఏదో చెప్పింది. పసుపు గుడ్డ కదిలింది. హేమలత ఆ గుడ్డ వంక చూసి, ఎప్పటిలాగే తలూపి, "సరే సరే. తీ" అంది.

ఐశ్వర్య మళ్లీ చెప్పింది. ఈసారి కొంచెం ఎక్కువసేపు. చేత్తో రొమ్ము చూపించుకుంది కూడా. సిగ్గుపడుతున్నదేమో, మొండితనమేమో అనుకుంది హేమలత. "అర్థమైందిలే. అందరికీ ఒక రూలు, నీకొక రూలు ఉండదు. తీయమ్మా" అంది. నవ్వుతూనే అంది. ఆ పిల్ల చెవుల వెనక దారం విప్పి, మాస్కు మడిచి నోట్సు నడుమ పెట్టుకుని, చెయ్యి గడ్డం కింద పెట్టుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు గొప్పగా నడిచాయి. హేమలతకు పోయిన పేరు తిరిగొచ్చింది. ఐశ్వర్య అందరికంటే ముందు. గబ్బిలం అనే మాట ఒకటుంది, ముర్-స్యే-లా-గో, మన నోటికి కొరకరాని కొయ్య. ఆ పిల్ల దాన్ని నాలుగు గింజల గంపలోకి సునాయాసంగా వేసింది. బెంగుళూరు నుంచి వచ్చిన ఇద్దరూ అడిగినవాటికల్లా ఐశ్వర్య గడగడా జవాబిచ్చింది. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఎంపికయ్యారు. జాబితాలో మొదటి పేరు ఐశ్వర్యది. మే నెలలో చేరాలి, అందాకా పాఠాలు మాస్కులు లేకుండానే నడిచాయి. హరిప్రసాద్ అందరికీ జిలేబీ తెప్పించాడు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక పిల్లకు దగ్గు. నాలుగు రోజుల్లో ఏడుగురికి. హేమలతకూ జ్వరం వచ్చి పోయింది, రుచీ వాసనా పోయి వచ్చాయి. మిగతా పిల్లలు కూడా కషాయాలు తాగి, ముసుగు తన్ని పడుకుని లేచారు. ఐశ్వర్య లేవలేదు. ఊపిరాడక హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోతే నాలుగో రోజు పోయింది. ఇంటికి కూడా తేలేదు, అప్పటి రూలు అది. చౌడక్క కడసారి చూపు చూసింది గేటు బయట నుంచి, వాన్ తలుపు మూసే లోపల.

హేమలత ఏడ్చింది. అందరూ ఏడ్చారు. ఆ నెలలో ఎవరింట్లో ఏడుపు లేదు గనక. కాలం తెచ్చిన చావు అనుకుని సర్దుకునేదేమో. కానీ జూన్‌లో, బెంగుళూరులో ఉద్యోగంలో చేరిన వరలక్ష్మి నుంచి వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. వరలక్ష్మి ఐశ్వర్య పక్కన కూచునే పిల్ల. మనసులో పెట్టుకోలేక రాసింది.

"మేడం, ఒక మాట అడగాలని ఉండాది, కోప్పడొద్దండి. ఆ పొద్దు ఐశు మీకు చెప్పింది కదా. 'నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉండాది మేడం, మాస్కు తీయనని మా అమ్మకు మాట ఇచ్చినా' అని. రెండుసార్లు చెప్పింది. మీరు సరే, అర్థమైంది అన్నారు, అయినా తీయమన్నారు. ఎందుకన్నారు మేడం? రోజూ అదే గుర్తొస్తాది."

హేమలత ఆ సందేశాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. అన్నం ముందు కూచుని కూడా ఫోన్ తెరిచి చూసేది. సరే అన్నది తనే. అర్థమైంది అన్నదీ తనే. ఆ పిల్ల చచ్చేటప్పుడు ఏమనుకుని ఉంటుంది? మేడంకు చెప్పినా, మేడం విని కూడా లెక్కచేయలేదని అనుకుని ఉంటుంది. ఈ ఒక్క ఆలోచన ఆమెను తిన్నంతగా ఇంకేదీ తినలేదు. ఆ జబ్బు క్లాసులోనే అంటిందని ఎవరు చెప్పగలరు, బస్సులో అంటి ఉండొచ్చు కదా అని కుమారస్వామి ఎదురుగా కూచుని చెప్పాడు. ఉండొచ్చు. ఆ ఉండొచ్చు అనేది అతనికి పనికొచ్చింది, ఆమెకు పనికి రాలేదు.

వరలక్ష్మికి జవాబు రాయలేదు. చెప్పాల్సింది ఆ పిల్లకు కాదని అనిపించింది.

ఆగస్టులో ఒక ఆదివారం హేమలత బయల్దేరింది. హిందూపురం బస్టాండు దాకా కుమారస్వామి వచ్చాడు. చిలమత్తూరు బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, ఆమె తలెత్తేదాకా ఆగి అడిగాడు.

"నేను కూడా వస్తాను హేమా. ఒక్కదానివే ఏల?"

"వద్దు. నేనే చెప్పల్ల."

ఊరి మొదట్లో దిగి అడిగితే గొర్రెల దొడ్డి పక్క ఇల్లు చూపించారు. చౌడక్క వాకిట్లో కూచుని చీపురు కట్టడానికి కసువు ఏరుతోంది. మనిషి బక్కచిక్కి ఉంది. పేరు చెప్పగానే చీపురుపుల్లలు అక్కడే వదిలేసి లేచింది. ఏడుస్తుందని, తిడుతుందని హేమలత అనుకుంది. చౌడక్క రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఐశు మేడమా! రామ్మా, లోపలికి రా. ఎండలో ఎంత దూరం వచ్చినావమ్మా. ఈడ కూచో."

నులకమంచం మీద దుప్పటి పరిచింది. చెంబుతో నీళ్లిచ్చింది. ఎదురుగా కింద కూచుంది. మొహం మీద వెలుతురు పడుతోంది, మాటలు తేటగా కనపడుతున్నాయి.

"పొద్దస్తమానం నీ మాటేనమ్మా దానికి. మేడం ఇట్ల చెప్పింది, మేడం అట్ల చెప్పింది. గొర్ల ఎనకాల పోతా గడ్డం కింద చెయ్యి పెట్టుకోని ఏందేందో అంటాండె. ఏమే, పండ్ల నొప్పా అంటి. పగలబడి నవ్వింది."

లోపలికి పోయి ఒక నోట్సు తెచ్చింది. చౌడక్కకు చదువు రాదు. బిడ్డ చేతిరాత అని మాత్రం తెలుసు. హేమలత తెరిచింది. ఒక్కో పేజీలో నాలుగు నిలువు గీతలు. ఒంటి గింజ, రెండు, మూడు, గంప. స్పానిష్ మాటలు అయిపోయాక, చివరి పేజీల్లో ఐశ్వర్య సొంతంగా ఇంటి మాటలు కూడా సర్దింది. రెండు గింజల కింద అమ్మ, గొర్రె, బస్సు. మూడింటి కింద చౌడక్క, మందులు. గంపలో తన పేరు లేదు. మూడింటి కిందే ఉంది, ఐ-శ్వ-ర్య, పక్కన నక్షత్రం గుర్తు. ఆ పేజీకీ ఈ పేజీకీ నడుమ పసుపు గళ్ల మాస్కు, మడత పెట్టినది పెట్టినట్టే ఉంది.

"దాని సామాన్లు ఆస్పత్రోళ్లు ఇయ్యలేదు. ఈ బుక్కు ఇంట్లో ఉండె, అందుకని మిగిల్యా" అంది చౌడక్క. "ఏమమ్మా, బాగ రాసిందా?"

"బాగ రాసింది అక్కా. ఒక్క తప్పు లేదు."

చౌడక్క మొహం విప్పారింది. హేమలతకు ఆ క్షణంలో లేచి వెళ్లిపోవాలనిపించింది. ఎవరూ అడగడం లేదు. ఈ తల్లికి తను దేవత. చెప్పి ఏం బాగుచేస్తుంది, ఉన్న ఒక్క తృప్తీ పోగొట్టడం తప్ప? ఇట్లాంటి ఆలోచనలు చాలా న్యాయంగానే కనపడతాయి, పిరికివాళ్లకు మరీ న్యాయంగా కనపడతాయి. ఆమె చేతిలో మాస్కు ఉంది. మూడు మడతలు, చిన్నచిన్న చేతి కుట్లు.

"అక్కా, ఐశ్వర్య మాస్కు తీయనని నీకు మాటిచ్చిందా?"

"ఇచ్చింది. ఒట్టేయించుకుంటి. దానికి పిల్లప్పట్నించి ఆయాసం."

"ఆ మాట తప్పింది ఆ పిల్ల కాదక్కా. నేను తీయించినా."

చెప్పింది. మొత్తం చెప్పింది. పాఠం కోసమని అందరి మాస్కులూ తీయించానని, ఐశ్వర్య లేచి రెండుసార్లు వద్దందని, తను సరే అని తలూపి మళ్లీ తీయమన్నానని. తన చెవుల సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు. అంత చెప్పుకుంటూ వచ్చిన మనిషికి ఆ ఒక్క మాట దగ్గర నాలుక అడ్డం పడింది. పదేళ్ల వయసు నాటి వీధి నవ్వు ఇంకా ఆ నాలుక మీద కూచునే ఉంది.

అయిపోయాక చౌడక్క కొంగు అందుకుంది. మన ఆడవాళ్లు ఏడుపు బయటికి రాకుండా చేసేదే చేసింది. కొంగు ముడిచి నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు నేల మీద. అప్పుడు మాట్లాడింది.

చాలాసేపు మాట్లాడింది. చీర కొంగు కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. శాపమో, ఓదార్పో. ఏదో అడుగుతున్నదో, దేవుడికి మొరపెట్టుకుంటున్నదో. హేమలత మెడ చాపి, కళ్లు చిట్లించి, ఆ గుడ్డ మీద ఒక్క అక్షరమైనా దొరుకుతుందేమోనని వెతికింది. చివరికి చౌడక్క తలెత్తి, కొంగు అట్లాగే ఉంచుకుని, హేమలత వంక చూసింది. ఆగింది. జవాబు కోసం ఎదురుచూస్తున్నది.

హేమలత తల ఊగడం మొదలైంది. అలవాటు. "సరే" అనే మాట పెదాల దాకా వచ్చేసింది. దాన్ని అక్కడే పట్టి ఆపింది.

"అక్కా" అంది. గొంతు ఎంత పైకి పోయిందో ఆమెకు తెలియలేదు. దొడ్డిలో గొర్రెలు తలలు తిప్పి చూశాయి. "అక్కా, నాకు చెవులు వినపడవు. ఆ పొద్దు కూడా వినపడలేదు. నీ బిడ్డ ఏం చెప్పిందో నాకు తెలీలేదు. వినపడినట్టు తలూపినా. మొహం కనపడితేనే నాకు మాట. అందుకే తీయించినా అందరివీ. ఇప్పుడు నువ్వేమన్యావో అదీ తెలీలేదు. కొంగు తీసి ఒక్కసారి చెప్పక్కా. తిట్టినా సరే. నాకు తెలియల్ల."

చౌడక్క చాలాసేపు ఆమె చెవుల వంక చూసింది, ముందు కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. కొంగు నోటి మీద నుంచి కిందికి దించింది. హేమలత చేతిలోంచి మాస్కు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇంకొంచెం దగ్గరికి జరిగి, ముసలి గొర్రెకు గడ్డి అందించేటంత నిదానంగా, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది. హేమలతకు ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"ఈ మాట ఆ పొద్దే నా బిడ్డకు చెప్పింటే, అది పలక మీద రాసి చూపించిండేది గదమ్మా."